మిర్చి యార్డుకి పదేళ్ళ ఫోన్: ప్లే స్టోర్ తెరుచుకోకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారం సార్. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. నిరుడు కొన్న ఫోన్‌ని యార్డుకి తీసుకెళ్ళాలంటే భయంగా ఉంటోంది. కారం దుమ్ము ఛార్జింగ్ పెట్టే చోట చేరి ఇప్పటికే ఒకసారి రిపేరుకి 1,400 వదిలింది. బీరువాలో శాంసంగ్ గెలాక్సీ గ్రాండ్ 2 ఒకటి పడి ఉంది, 2014లో కొన్నది. బ్యాటరీ కొత్తది వేయిస్తే ఆన్ అయింది. యార్డులో ఇది వాడుకుందాం అనుకుంటే ప్లే స్టోర్ తెరుచుకోవట్లేదు. సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదని ఒకసారి, గూగుల్ ప్లే సర్వీసెస్ ఆగిపోయిందని ఒకసారి వస్తోంది. నాకు కావలసింది టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాసుకోవడానికి ఒక నోట్సు యాప్, పీడీఎఫ్ బిల్లులు చూడటానికి ఒకటి, పని లేనప్పుడు వినడానికి రేడియో. వాట్సాప్, ఫోన్‌పే కూడా ఎక్కితే కొత్త ఫోన్ ఇంట్లోనే పెట్టేస్తాను. నాజ్ సెంటర్ దగ్గర ఒక షాపులో అడిగితే ఫ్లాషింగ్ చేసి కొత్త ప్లే స్టోర్ వేస్తాం, 600 అవుతుంది అన్నారు. మా బావమరిది ఏమో 'పాత ఫోన్లకు పనిచేసే ప్లే స్టోర్' అని టెలిగ్రామ్‌లో ఒక ఫైల్ పంపాడు. ఏది చేయమంటారు?
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండూ వద్దండీ. ఆ 600 మీ జేబులోనే ఉంచుకోండి. మీ బావమరిది పంపిన ఫైల్‌ని తెరవకుండానే తీసేయండి, ఆయన నొచ్చుకుంటే నా పేరు చెప్పండి. మీరు అడిగిన ఐదింటిలో నోట్సు, పీడీఎఫ్, రేడియో ఆ ఫోన్‌లో నిక్షేపంగా నడుస్తాయి. వాట్సాప్ ఎక్కదు. ఫోన్‌పే ఎక్కించే దారి ఎవరైనా చూపించినా ఆ దారిన వెళ్ళొద్దు. ఎందుకో కింద చెబుతాను.

ముందు ఒక చిన్న పని. బ్యాటరీ కొత్తది వేయించానన్నారు కదా, సగం గొడవ అక్కడే మొదలై ఉండొచ్చు. బ్యాటరీ తీసి చాలా రోజులు పక్కన పెట్టిన ఫోన్‌లో గడియారం వెనక్కి పోతుంది. ఆన్ చేయగానే ఏ 2012 జనవరి 1నో చూపిస్తుంది. మనకి అది చిన్న విషయం. కానీ ఫోన్ ఇంటర్నెట్‌లో ఏ సర్వర్‌తో మాట్లాడాలన్నా ముందు ఆ సర్వర్ ధృవపత్రం చూస్తుంది. అది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. ఫోన్ లెక్కలో ఇంకా 2012 నడుస్తుంటే, ఈ మధ్యే ఇచ్చిన పత్రం దానికి 'ఇంకా పుట్టని పత్రం'లా కనబడుతుంది. అంతే, తలుపు మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం, ఏడాదితో సహా చేత్తో సరిచేసి, టైమ్ జోన్ భారతదేశానిది పెట్టండి. తర్వాత ఫోన్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూడండి. నా దగ్గరికి వచ్చే 'ప్లే స్టోర్ పోయింది' ఉత్తరాల్లో కొన్ని ఈ ఒక్క పనితోనే సర్దుకుంటాయి. మీది పూర్తిగా సర్దుకుంటుందని మాత్రం అనుకోను.

ఇంకో మాట, ఇది ముఖ్యం. ఎవరు చెప్పినా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టొద్దు. కొత్త ఫోన్లకి పనికొచ్చే మందు పాత ఫోన్లకి విషం అవుతుంది. రీసెట్ చేస్తే ఇన్నేళ్ళలో ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్ తెచ్చుకున్న అప్‌డేట్లన్నీ ఎగిరిపోయి, ఫోన్ డబ్బాలోంచి వచ్చిన రోజు ఏ వెర్షన్ ఉందో దానికి దిగిపోతాయి. అక్కడి నుంచి మళ్ళీ మెట్లెక్కాలి, కానీ ఆ మెట్లలో చాలా వరకు ఇప్పుడు లేవు. ఫొటోలు పోవడం సరేసరి.

ఇక అసలు జబ్బు. మీ గ్రాండ్ 2 మార్కెట్లోకి ఆండ్రాయిడ్ 4.3తో వచ్చింది, తర్వాత శాంసంగ్ 4.4.2 ఇచ్చింది. సెట్టింగ్స్‌లో 'అబౌట్ డివైస్' తెరిస్తే మీది ఏదో తెలుస్తుంది. 4.4ని కిట్‌క్యాట్ అంటారు, 2013 నాటిది. ప్లే స్టోర్ అనేది పైకి కనబడే కొట్టు మాత్రమే. వెనక గోడౌన్, గుమాస్తా, తాళాలు అన్నీ ప్లే సర్వీసెస్ చేతిలో ఉంటాయి. మీ భాషలో చెప్పాలంటే కొట్టు షట్టర్ తీసినా కాటా దగ్గర మనిషి లేకపోతే సరుకు కదలదు. 4.1 నుంచి 4.3 దాకా ఉన్న ఫోన్లకి ప్లే సర్వీసెస్ కొత్త వెర్షన్లు ఇవ్వడం గూగుల్ 2021 ఆగస్టులో మానేసింది. 4.4కి 2023 ఆగస్టులో మానేసింది. అప్పటికి వాడుకలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో కిట్‌క్యాట్ వాటా ఒక శాతం కూడా లేదని వాళ్ళే చెప్పారు. వాళ్ళ లెక్క వాళ్ళది. ఆ ఒక శాతంలో మీ బీరువా ఫోన్ ఉంది, మా వంటింటి కిటికీలో ఉన్న ఫోన్ కూడా ఉంది.

దీనికి తోడు ధృవపత్రాల గొడవ ఇంకొకటి. బ్యాంకులో ఖాతాదారు నమూనా సంతకాలు దాచుకున్నట్టు, ప్రతి ఫోన్‌లోనూ 'ఎవరి సంతకం నమ్మాలి' అనే జాబితా ఒకటి ఉంటుంది. మీ ఫోన్‌లో అది పదేళ్ళ కిందటిది. ఈ రోజు వెబ్‌సైట్లలో చాలా వాటికి పత్రాలిచ్చేది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ. దాని సొంత సంతకం ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే జాబితాలో ఉంది. పాత ఫోన్ల కోసం వేరే సంస్థ సంతకం అరువు తెచ్చుకుని కొన్నాళ్ళు నడిపించారు, 2024లో అదీ ఆగింది. అందుకే పాత ఫోన్ బ్రౌజర్‌లో మంచి సైట్లు కూడా 'ఇది సురక్షితం కాదు' అంటాయి. ఇంకా ఉంది. సర్వర్‌తో గుట్టుగా మాట్లాడటానికి ఇప్పుడు అందరూ వాడే టీఎల్ఎస్ 1.2 పద్ధతి 4.4లో ఉంది కానీ యాప్ అడిగితే తప్ప దానంతట అది మొదలుకాదు. ఆండ్రాయిడ్ 5 నుంచే అది మామూలైంది. ఇన్ని ఉన్నాయి కాబట్టే ఒకసారి ఒక ఎర్రర్, ఇంకోసారి ఇంకో ఎర్రర్ వస్తోంది. ఫోన్ చెడిపోలేదు, లోకం భాష మారింది.

గడియారం సరిచేశాక ప్లే స్టోర్‌కి ఒక్క అవకాశం ఇవ్వండి. సెట్టింగ్స్‌లో అప్లికేషన్ మేనేజర్‌కి వెళ్ళి, 'ఆల్' అనే వరసలో గూగుల్ ప్లే స్టోర్ పట్టుకుని 'క్లియర్ డేటా' కొట్టండి. గూగుల్ ప్లే సర్వీసెస్‌కి కూడా అదే పని చేయండి. ఫోన్ ఆపి ఆన్ చేయండి. తెరుచుకుంటే సంతోషం, కానీ ఆశ తగ్గించుకోండి. లోపల సగం యాప్‌ల దగ్గర 'మీ డివైస్‌కి సరిపడదు' అనే ఉంటుంది. తెరుచుకోకపోతే అక్కడితో ఆపేయండి. 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' అనే బటన్ కూడా అక్కడే కనబడుతుంది. రీసెట్ గురించి పైన చెప్పిన చిక్కే దానికీ ఉంది, ముట్టుకోవద్దు. దీని మీద రెండు రోజులు పోగొట్టుకున్నవాణ్ణి నేను, మీరు అరగంట మించి పెట్టొద్దు.

ఇప్పుడు పనిచేసే కొట్టు సంగతి. దాని పేరు ఎఫ్-డ్రాయిడ్. 2010 నుంచి నడుస్తోంది. ఇందులో దొరికేవన్నీ సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్న ఉచిత యాప్‌లు. జీమెయిల్ అడగదు, ఖాతా అడగదు. మీకు అన్నిటికన్నా పనికొచ్చే గుణం ఏమిటంటే, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఒక్కో యాప్ పేజీలో కొత్త వెర్షన్‌తో పాటు కొన్ని పాత వెర్షన్లు కూడా వరసగా ఉంటాయి. ప్రతి వెర్షన్ కిందా 'దీనికి ఆండ్రాయిడ్ ఇంత, లేదా అంతకన్నా కొత్తది కావాలి' అని రాసి ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ ఒక్క లైనే. మీ ఫోన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ నంబర్ గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నదాన్ని తీసుకోవాలి.

దించడం మాత్రం ఆ పాత ఫోన్‌లో వద్దు. మీ కొత్త ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దించండి. ఎందుకంటే పాత బ్రౌజర్ ఆ సైట్‌నే నమ్మక అడ్డం పడొచ్చు. అప్పుడు 'అయినా సరే ముందుకెళ్ళు' అని నొక్కాలనిపిస్తుంది, ఆ అలవాటు మంచిది కాదు. ఎఫ్-డ్రాయిడ్ యాప్‌కే మీ ఆండ్రాయిడ్‌కి సరిపడే పాత వెర్షన్ వెతికి దించుకోండి. దాన్ని మెమరీ కార్డులో వేసి పాత ఫోన్‌లో పెట్టండి. గ్రాండ్ 2కి కార్డు పెట్టే చోటు వెనక మూత కిందే ఉంది. కార్డు లేకపోతే కంప్యూటర్‌కి డేటా కేబుల్ తగిలించి పంపండి. బ్లూటూత్‌తో పంపుదామని చూస్తే చాలా పాత ఫోన్లు ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్‌ని ఎక్కించే ఫైల్) అనగానే తిప్పికొడతాయి. కాలేజీ రోజుల్లో మనమంతా ఫైల్ పేరు చివర మార్చేసి ఫొటోలా పంపేవాళ్ళం, గుర్తుందా? ఇప్పటికీ అది పనిచేస్తుంది. అవతల అందాక పేరు మళ్ళీ ఏపీకేగా మార్చడం మర్చిపోకండి. కార్డు ఉంటే ఈ తంటా అక్కర్లేదు.

పాత ఫోన్‌లో సెట్టింగ్స్, సెక్యూరిటీ తెరిచి 'అన్‌నోన్ సోర్సెస్' దగ్గర టిక్కు పెట్టండి. మై ఫైల్స్‌లో ఆ ఫైల్ మీద నొక్కండి, ఇన్‌స్టాల్ అంటుంది. ఎఫ్-డ్రాయిడ్ తెరిచాక యాప్‌ల జాబితా దించుకోవడానికి కాసేపు పడుతుంది. దిగితే సరే. దాని సెట్టింగ్స్‌లో 'రిపాజిటరీలు' అనే చోట 'ఆర్కైవ్' అని ఒకటి ఆపి ఉంటుంది, దాన్ని కూడా ఆన్ చేయండి. పాత వెర్షన్ల అటక అది, మీలాంటి ఫోన్లకి అసలు సరుకు అక్కడే దొరుకుతుంది. జాబితా దిగకుండా మొరాయిస్తే కంగారు పడొద్దు. కొట్టు దాకా మనం వెళ్ళలేకపోతే సరుకే ఇంటికి తెచ్చుకుందాం. కావలసిన మూడు నాలుగు యాప్‌లు విడివిడిగా కొత్త ఫోన్‌లో దించి, అదే కార్డులో మోసుకెళ్ళండి. మా వంటింటి ఫోన్‌లో నేను చేసింది ఇదే. నిజానికి మీకు కావలసింది ప్లే స్టోర్ కాదు కదా, నాలుగు యాప్‌లు. లక్షల యాప్‌లున్న కొట్టు తెరిపించడానికి కుస్తీ పట్టడం కంటే నాలుగు యాప్‌లు చేతి సంచిలో తెచ్చుకోవడం తేలిక.

ఏ యాప్‌లు అంటే, పీడీఎఫ్‌కి మ్యూపీడీఎఫ్ చూడండి, చిన్నది, పాత ఫోన్‌ని బరువెక్కించదు. పాటలకీ వీడియోలకీ వీఎల్‌సీ. ఇంటర్నెట్ రేడియో లింకు ఇస్తే అది కూడా వినిపిస్తుంది. నోట్సుకి మార్కర్ (Markor) అని ఒకటుంది. రాసినదాన్ని మామూలు టెక్స్ట్ ఫైల్‌గా దాస్తుంది కాబట్టి అప్పుడప్పుడు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటే రేపు ఫోన్ పోయినా లెక్క పోదు, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. టిక్కీల లెక్కకి నేనైతే దీన్నే వాడతాను. 'తేజ 45, బాడిగ 20' అని మిర్చి రకాల వారీగా రోజుకో ఫైల్ రాసుకుంటే సరిపోతుంది. ఒక్కోదానికీ ఆ ఆండ్రాయిడ్ లైను చూసి మీ ఫోన్‌కి సరిపడే వెర్షనే తీసుకోండి. ఇక రేడియో. యాప్ వెతికే ముందు ఫోన్‌లోనే ఎఫ్ఎం రేడియో బొమ్మ ఉందేమో చూడండి. ఇయర్‌ఫోన్ వైరు గుచ్చితే అదే ఏరియల్. నెట్ అక్కర్లేదు, స్టోర్ అక్కర్లేదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణిని వినడానికి 2014 ఫోన్ చాలు. మా ఆవిడ రోజూ పొద్దున్నే వంటింట్లో వింటుంది.

ఎఫ్-డ్రాయిడ్‌లో లేని యాప్ ఏదైనా తప్పనిసరైతే, పాత ఏపీకేలు దాచిపెట్టే సైట్లలో ఏపీకేమిర్రర్ నాకు కొంత నమ్మకమైనది. యాప్ అసలు తయారీదారు సంతకంతోనే ఉందా అని చూసి పెడతారు. ఆ పేజీల్లో పెద్ద పెద్ద 'డౌన్‌లోడ్' బటన్లలో కొన్ని ప్రకటనలు, జాగ్రత్త. అక్కడ రెండు విషయాలు గమనించండి. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లోకి వచ్చే కొత్త యాప్‌లు ముక్కలు ముక్కలుగా కట్టిన మూటలుగానే రావాలన్నారు. అలాంటి మూటలు విప్పడం ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లకి చేతకాదు. కాబట్టి మీకు ఒకే ఫైల్‌గా ఉన్న ఏపీకే కావాలి, అంటే పాత ఏళ్ళవే వెతకాలి. రెండోది, మీ ఫోన్ ప్రాసెసర్ 32 బిట్‌ది. 64 బిట్ అని మాత్రమే రాసి ఉన్న ఫైల్ తీసుకుంటే ఎక్కదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'పార్సింగ్' అనే మాటతో ఎర్రర్ వస్తే, ఆ యాప్‌కి మీ ఆండ్రాయిడ్ చాలలేదనో ఫైల్ సగమే దిగిందనో అర్థం. ఇంకో చోట ఆగాల్సి ఉంటుంది. ఉన్న యాప్ మీద దాని వేరే వెర్షన్ వేస్తుంటే 'సంతకం కలవట్లేదు' అని ఫోన్ మొండికేసిందనుకోండి. పాతది తీసేసి కొత్తది వేసేయాలనిపిస్తుంది. వద్దు. ఆ ఫైల్ అసలు మనిషి చేసింది కాదేమో అని ఫోన్ మిమ్మల్ని హెచ్చరిస్తోంది. పదేళ్ళ ఫోన్ అయినా ఆ ఒక్క విషయంలో దానికి బుర్ర బాగానే ఉంది.

అందుకే మీ బావమరిది ఫైల్ వద్దన్నాను. 'పాత ఫోన్లకు పనిచేసే ప్లే స్టోర్' అని ఎవరో తయారుచేసిన ఫైల్ వేస్తే, అందులో మీరు కొట్టే జీమెయిల్ పాస్‌వర్డ్ ఎవరి చేతికి వెళుతుందో చెప్పలేం. పెళ్ళి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్న మోసాలు పేపర్లో చూస్తూనే ఉన్నారు కదా. వాటి పనితీరంతా ఒకటే, 'అన్‌నోన్ సోర్సెస్' తెరిపించి లోపలికి దూరడం. మనం కూడా అదే తలుపు తెరుస్తున్నాం, అందుకని పని అవగానే ఆ టిక్కు తీసేయండి. ఎప్పుడైనా ఇలాంటి ఫైల్ నొక్కి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

వాట్సాప్ ఇప్పుడు ఆండ్రాయిడ్ 5 కంటే పాతవాటి మీద నడవదు. పాత ఏపీకే వెతికి వేసినా 'ఈ వెర్షన్ గడువు తీరింది' అని ఆపేస్తుంది. అది ఫోన్ తప్పు కాదు, అవతల సర్వరే రానివ్వదు. ఇక ఫోన్‌పే లాంటివి. మీ ఫోన్‌కి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళయింది. ఈ మధ్యలో బయటపడ్డ కంతలన్నీ అందులో అలాగే తెరిచి ఉన్నాయి. నోట్సు రాసుకునే ఫోన్‌కి దాని వల్ల పెద్ద నష్టం లేదు, దొంగ వచ్చినా టిక్కీల లెక్క చదువుకుని పోతాడు. బ్యాంకు ఖాతా ఉన్న ఫోన్ అలా కాదు. ఆ ఫోన్‌లో మీ అసలు జీమెయిల్ కూడా పెట్టొద్దు. యూపీఐ, బ్యాంకు, ఆధార్ ఏవీ వద్దు.

అయితే కొత్త ఫోన్ ఇంట్లో పెట్టి రావడం కుదరదన్నమాట. ఆ మాట చెప్పడం నాకూ ఇష్టం లేదు, కానీ ఇంకో కారణం కూడా ఉంది. మీ సిమ్ జియోదైతే గ్రాండ్ 2లో పనే చేయదు. జియోకి ఉన్నది 4జీ, ఆ పైనే. మీది 3జీ ఫోన్. కాబట్టి కొత్త ఫోన్‌ని జిప్ ఉండే పారదర్శక కవర్లో వేసి జేబులో పెట్టుకోండి. వానాకాలంలో అమ్ముతారే, అలాంటిది. దాని మీద నుంచే వేలు పనిచేస్తుంది, క్యూఆర్ కోడ్ కూడా స్కాన్ అవుతుంది, దుమ్ము మాత్రం దూరదు. రోజంతా చేతిలో ఉండి కారం తినాల్సింది పాతది. దానికి నెట్ కావాలంటే కొత్త ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వండి. పాతదానికి ఆ హాట్‌స్పాట్ కనబడకపోతే, కొత్త ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ బదులు 2.4 పెట్టి చూడండి. చాలా పాత ఫోన్లకి అదొక్కటే తెలుసు. బిల్లుల పీడీఎఫ్‌లు మాత్రం బ్లూటూత్‌లో హాయిగా వెళతాయి, దానికి నెట్ కూడా అక్కర్లేదు.

ఫ్లాషింగ్ గురించి. ఫోన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ మొత్తం తీసేసి, ఔత్సాహికులు తయారుచేసిన కొత్త ఆండ్రాయిడ్ వేయడం అనేది నిజంగా ఉన్న విద్యే. బాగా కుదిరితే పదేళ్ళ ఫోన్‌లో ప్లే స్టోర్ మళ్ళీ నడుస్తుంది. కాకపోతే ఆ షాపులో చేసేది అదేనా అన్నది వేరే ప్రశ్న. చాలాసార్లు కంపెనీ పాత సాఫ్ట్‌వేర్‌నే మళ్ళీ ఎక్కిస్తారు, అంటే మీరు 600 ఇచ్చి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించుకున్నట్టే. కొన్నేళ్ళ కిందట విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో నా ఫోన్ ఒకటి ఇచ్చాను. పొద్దున ఇస్తే సాయంత్రానికి చైనా అక్షరాలతో వచ్చింది. భాష మార్చుకున్నాను, కానీ సిమ్ పట్టుకోవడం మానేసింది. ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబర్) చూస్తే అక్కడ అన్నీ సున్నాలు. అడిగితే 'పాత ఫోన్ కదా సార్' అన్నారు. పాతదని తెలిసే కదా డబ్బులు తీసుకున్నారు! మీకు ఇలాంటి పనుల మీద సరదా ఉండి, ఫోన్ పోయినా ఫరవాలేదు అనుకుంటే సెలవుల్లో మీరే నేర్చుకుని చేయండి. యార్డుకి వేసవి సెలవులు ఉండనే ఉన్నాయి. సీజన్ మధ్యలో మాత్రం వద్దు.

ఇదే సమస్యతో రాసిన మిగతావాళ్ళ కోసం కొంచెం. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ 5, 6 ఉంటే మీ పరిస్థితి ఈ గుంటూరు పాఠకుడి కంటే చాలా నయం. గడియారం, క్లియర్ డేటా తర్వాత కూడా ప్లే స్టోర్ విసిగిస్తుంటే ఎఫ్-డ్రాయిడ్‌లో అరోరా స్టోర్ అని ఉంటుంది. అది ప్లే స్టోర్‌లోని ఉచిత యాప్‌లనే గూగుల్ సర్వర్ల నుంచి తెచ్చిపెడుతుంది. మీ సొంత ఖాతాతో లాగిన్ అవకుండా 'అనానిమస్' అన్నదే ఎంచుకోండి. ఒక్కోసారి రద్దీ అని తిప్పి పంపుతుంది, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి. ఆండ్రాయిడ్ 2.3 ఫోన్లలో 2021 సెప్టెంబరు 27 నుంచి గూగుల్ లాగిన్ అవడమే ఆపేసింది, వాటిని అలారానికి వాడుకోండి. పాత వీడియోల్లో చాలామంది అమెజాన్ యాప్‌స్టోర్ వేసుకోమంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అది 2025 ఆగస్టు 20న మూతపడింది, వెతకొద్దు. విండోస్ ఫోన్ 8.1 దాచుకున్న పటమట పాఠకురాలికి నా సానుభూతి. ఆ స్టోర్ 2019 డిసెంబరు 16నే మూసేశారు, తిరిగి తెరిచే దారి లేదు. పాత ఐఫోన్ ఉన్నవాళ్ళకి మాత్రం ఒక సులువుంది. కావలసిన యాప్‌ని అదే ఆపిల్ ఖాతాతో కొత్త ఐఫోన్‌లో ఒకసారి దించి, పాతదానిలో యాప్ స్టోర్‌లోని 'పర్చేజ్డ్' జాబితా నుంచి తెచ్చుకోవాలి. 'మీ ఫోన్‌కి సరిపడే చివరి వెర్షన్ దించమంటారా?' అని అడిగితే అవునంటే చాలు. తయారీదారు ఆ పాత వెర్షన్ ఉంచి ఉంటేనే ఆ ప్రశ్న వస్తుంది.

మళ్ళీ మీ ఫోన్ దగ్గరికి వస్తే, బ్యాటరీ కొత్తదన్నారు కానీ పదేళ్ళ మోడల్‌కి ఇప్పుడు దొరికేవి చాలా వరకు నకిలీలు. మార్చి ఎండలో రేకుల షెడ్డు కింద ఫోన్ కాలిపోతుంటుంది. వారానికోసారి వెనక మూత తీసి, బ్యాటరీని బల్ల మీద పడుకోబెట్టి గిరగిరా తిప్పి చూడండి. బొంగరంలా తిరిగిందంటే ఉబ్బినట్టే, ఇక దాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు. ఛార్జింగ్ పెట్టే చోట చేరే దుమ్ముకి గట్టి పరిష్కారం లేదు. రాత్రి ఇంటికి వెళ్ళాక ఫోన్ ఆపేసి, పొడిగా ఉన్న చిన్న పెయింటింగ్ బ్రష్‌తో దులపండి, తర్వాతే వైరు గుచ్చండి. నోటితో మాత్రం ఊదకండి. అది తిరిగి కళ్ళలోకి వస్తే ఎలా ఉంటుందో యార్డులో పనిచేసే మీకు నేను చెప్పాలా!